అవతలి జిల్లాలో మిగిలిపోయిన రెండో భాగం

నా చిన్నప్పుడు మా మార్కాపురం లైబ్రరీలో సైన్సు నవల తీసుకునేవాళ్ళు ముందుగా చివరి పేజీ తిప్పి చూసేవాళ్ళు. కథ ఎట్లా ముగుస్తుందో తెలుసుకోవడానికి కాదు. మా లైబ్రేరియన్ సారు ప్రతి నవల వెనకా నాలుగు తెల్లకాగితాలు మైదా జిగురుతో అతికించి, పైన ఎర్రసిరాతో ‘పాఠకుల అభిప్రాయాలు’ అని రాసిపెట్టేవారు. దాని కింద ఒకే ఒక్క నియమం. కథ చెప్పరాదు. పుస్తకం ఎట్లా ఉందో రాయవచ్చు, ఎవరు చదవాలో రాయవచ్చు, ఎవరికి తలనొప్పి వస్తుందో కూడా రాయవచ్చు. ముగింపు మాత్రం బయటపెట్టకూడదు. నియమం తప్పినవాళ్ళకు నెలరోజులు పుస్తకం ఇచ్చేవారు కాదు.

ఆ నవలలు ఒక్క ఊరివి కావు. చెక్కపెట్టెలో సర్ది మూడు నెలలు మా ఊళ్ళో, మూడు నెలలు కంభంలో, మూడు నెలలు గిద్దలూరులో ఉంచేవాళ్ళు. పెట్టె తిరిగొచ్చేసరికి వెనక కాగితాల మీద మేమెన్నడూ చూడని మనుషుల చేతిరాతలు చేరి ఉండేవి. నాకు నవల కంటే ఆ కాగితాలే ఎక్కువ రుచి. కాలంలో వెనక్కి పోయే యంత్రం గురించిన నవల వెనక కంభం రైతు ఒకాయన, ‘ఇతనికి అంత యంత్రం దొరికితే రాజుల కాలానికి పోయినాడు గాని, వానలు బాగా పడిన ఏడాదికి పోవాలని తోచలేదు’ అని రాశాడు. ఇనుప మనిషి వంట చేసే కథ వెనక ఎవరో ఇల్లాలు, ‘ఉప్పు చూడలేని వంటమనిషిని నేను నమ్మను. పిల్లలకు ఇవ్వండి, నవ్వుకుంటారు’ అని రాసింది.

వాటన్నిటిలోనూ నాకు ప్రాణమైన చేతిరాత ఒకటుండేది. పెద్ద పెద్ద అక్షరాలు, పక్కకు ఒరిగిపోయిన ఒత్తులు, కింద సంతకం బదులు ‘రాచర్ల పాఠకురాలు’ అన్న రెండు మాటలు. వేరే గ్రహం మనుషులకు ఆకలే ఉండదని చెప్పే నవల వెనక ఆమె రాసింది నాకిప్పటికీ గుర్తు. ‘ఆకలి లేనివాళ్ళ గురించి ఇన్ని పేజీలు ఎందుకు? ఏ పేజీలోనూ వాళ్ళకు పనే లేదు.’ ఆమె చదవమన్న పుస్తకం నేను చదివేదాన్ని. ఆమె వద్దన్నది కూడా చదివేదాన్ని, ఎందుకు వద్దన్నదో చూద్దామని. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని, తెల్లచీర కట్టుకుని, ఏదో బళ్ళో పెద్ద టీచరమ్మగా ఉంటుందని నా ఊహ.

అప్పటికి నాకు పన్నెండేళ్ళు. మా తాలూకాలను కర్నూలు జిల్లాలోంచి తీసి, ఒంగోలు ముఖ్యపట్టణంగా కొత్త జిల్లాలో కలిపిన తొలి రోజులు. ఇప్పుడు నన్నెవరైనా ఏం చదువుకున్నారమ్మా అని అడిగితే, పదో తరగతి దాకా బడి, మిగతాదంతా లైబ్రరీ బెంచీ అని గర్వంగానే చెబుతాను. ఆ బెంచీకి నన్ను మొదట పంపింది మా నాయన.

మా నాయన పలకల గనిలో పనిచేసేవాడు. ఎక్కడెక్కడి పిల్లలో మా ఊరి రాతి మీద అక్షరాలు దిద్దుకునేవాళ్ళు గాని, ఆ రాతిని ఉలి పెట్టి పొరలు పొరలుగా విడదీసే మా నాయనకు ఒక్క అక్షరం రాదు. నేను బడి నుంచి రాగానే నవల చదివి వినిపించాలి. విన్నాక తన అభిప్రాయం చెబితే నేను వెనక కాగితం మీద రాయాలి. మొదటిసారి నేను పాఠకుడు అని రాయబోతే ఒప్పుకోలేదు. “నేను యాడ సదివినా? సదివింది నువ్వు. విన్నోడు అని రాయి” అన్నాడు. అప్పటి నుంచి మా ఇంటి అభిప్రాయాల కింద ‘విన్నవాడు, మార్కాపురం’ అని ఉండేది.

ఆ ఏడాది నాయన గనికి పోవడం మానేశాడు. మానేశాడనడం కంటే పోలేకపోయాడనాలి. రాతిదుమ్ము ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల్లో చేరి గట్టిపడింది. పడుకుంటే ఊపిరి ఆడదు. మంచం మీద బొంత మడిచి వీపుకు ఆనించుకుని, రాత్రీ పగలూ కూర్చునే ఉండేవాడు. గడప దాకా పోయి రావడానికి రెండుసార్లు ఆగేవాడు. ఇంటికి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. తగ్గిపోతాది. దగ్గుమందు ఇచ్చే డాక్టరు, చూడవచ్చిన మేస్త్రి, పక్కింటి అవ్వ, మా అమ్మ, అందరూ అదే. ఈ చలి పోతే తగ్గిపోతాది, ఈ సీసా అయిపోతే తగ్గిపోతాది. నాయన తల ఊపేవాడు. తగ్గాక సేద్యం చేసుకుంటానని పుల్లలచెరువు వైపు మా తాత ఇచ్చిన మెట్టచేను అమ్మకుండా ఉంచాడు. ఆయన లేచేదాకా ఓ నాలుగు నెలలు నన్ను బడి మాన్పించి, పలకలు రుద్దే షెడ్డుకు పంపాలని అమ్మ మేస్త్రితో మాట్లాడింది. నాలుగు నెలలే కదా అని అందరం అనుకున్నాం. ఆ షెడ్డులో ఆడపిల్లలు పొద్దున నల్లజడలతో పోయి సాయంత్రం బూడిదరంగు జడలతో వచ్చేవాళ్ళు.

ఆ రోజులకు చాలా నెలల ముందే ఒక నవల మా ఇంటికి వచ్చి వెళ్ళింది. అట్ట ఊడిపోతే గట్టి బైండు వేయించారు, దాంతో పేరు కూడా కనిపించకుండా పోయింది. మేం దాన్ని గని పుస్తకం అనేవాళ్ళం. చంద్రుడి మీద నీళ్ళ కోసం గని తవ్వడానికి నలుగురు పోతారు. ముగ్గురు కుర్రవాళ్ళు, ఒక పెద్దాయన. రాయి కూలి దారి మూసుకుపోతుంది. లోపల ఆరు రోజులకు సరిపడా గాలి మాత్రం ఉంటుంది. మూడో రోజు సాయంత్రం పెద్దాయన దగ్గడం మొదలుపెడతాడు. అక్కడ మొదటి భాగం అయిపోతుంది.

ఆ నవల వింటున్నన్ని రోజులూ నాయన వెనక్కి ఆనుకోలేదు, ముందుకు వంగి కూర్చున్నాడు. రాయి పగిలే తీరు రచయిత సరిగ్గా రాశాడని రెండు మూడుసార్లు మెచ్చుకున్నాడు. చివరికి నాతో ఇట్లా రాయించాడు. ‘రాసినాయనకు రాయి సంగతి తెలుసు, దుమ్ము సంగతి తెలియదు. మూసిన గుహలో నీళ్ళు చల్లకుండా రాయి తొలిస్తే ఆ దుమ్ము యాడికి పోతుంది? మనిషి లోపలికే పోతుంది. గనిపని చేసేవాళ్ళు, చేయించేవాళ్ళు చదవాలి. విన్నవాడు, మార్కాపురం.’ పెట్టె మళ్ళీ కంభానికి, అక్కడి నుంచి గిద్దలూరుకు వెళ్ళిపోయింది.

రెండో భాగం మాకు దొరకలేదు. రెండు భాగాలకూ గిరాకీ ఎక్కువని సారువాళ్ళు వాటిని వేరువేరు పెట్టెల్లో తిప్పేవాళ్ళు, రెండో భాగం ఉన్న పెట్టె గిద్దలూరు నుంచి నంద్యాల వైపు కూడా పోయేది. జిల్లా విడిపోయిన సమయానికి మొదటి భాగం ఇటువైపు ఉంది, రెండో భాగం కర్నూలు వైపే ఉండిపోయింది. ఉమ్మడి ఆస్తుల కాగితాలు తేలేదాకా పుస్తకాలు కదలవట. మా లైబ్రేరియన్ సారు నా కోసం కర్నూలుకు మూడు కార్డులు రాశారు. నేను రోజూ బడి వదలగానే పరుగెత్తుకుంటూ పోయి ఆయన ముఖం చూసేదాన్ని. ఆయన తల అడ్డంగా ఊపి, కళ్ళద్దాలు తీసి తుడుచుకునేవారు.

చలికాలం వచ్చేసరికి నాయన మాట సగం సగం అయింది. ఒక మాట, ఒక ఊపిరి. అయినా రోజుకొకసారి అడిగేవాడు.

“పాపా, వచ్చిందా?”

“పెట్టె బయల్దేరింది నాయనా. దారిలో ఉంది.”

ఎక్కడా బయల్దేరలేదని నాకు తెలుసు. మొదట ఒక్కరోజు కోసం చెప్పిన అబద్ధం అది. తర్వాత రోజూ కొంచెం కొంచెం పెంచాల్సి వచ్చింది. నంద్యాల దాటింది అన్నాను. గిద్దలూరు చేరింది అన్నాను. నాయన ఆ ఊర్లన్నీ మనసులో దాటుతూ కూర్చునేవాడు. ఒకరోజు కళ్ళు మూసుకుని, “ఇంక మూడు దినాల గాలి ఉండాది వాళ్ళకి. నాకంటే వాళ్ళే నయం” అన్నాడు. నవ్వబోయాడు గాని నవ్వుకు ఊపిరి చాలలేదు. అమ్మ పొయ్యి దగ్గర నుంచే, “ఏం మాటలవి, తగ్గిపోతాదంటే” అని కసిరింది.

ఆ రోజు నాకు దిక్కు తోచలేదు. ఆ పుస్తకం ముగింపు తెలియకుండా నాయన పోతాడేమోనన్న భయం మొదటిసారి కలిగింది. దాంతో పాటు ఇంకో పిచ్చి ఆశ. ఆ నలుగురూ బతికారని తెలిస్తే నాయన కూడా లేస్తాడేమోనని. పన్నెండేళ్ళ పిల్లకు అట్లాంటి లెక్క తప్పనిపించదు.

అప్పుడు గుర్తొచ్చింది. మొదటి భాగం వెనక రాచర్ల పాఠకురాలు ఒక మాట రాసింది. ‘అందరూ చదవాలి. రెండో భాగం కూడా చదివాను, దాని సంగతి దాని వెనకే రాశాను.’ చదివిన మనిషి ఉంది. పుస్తకం రాకపోతే మనిషి రావచ్చు. లైబ్రేరియన్ సారును అడిగితే ఆమె పేరు తెలియదన్నారు. గిద్దలూరు సంతకు వచ్చిన రోజు అక్కడి లైబ్రరీలో పుస్తకం మార్చుకుంటుందని మాత్రం విన్నానన్నారు. సంత రోజు బడికి పోతున్నానని అమ్మకు చెప్పి, నాయనను ఎరిగిన కండక్టరు బస్సు చూసుకుని గిద్దలూరు పోయాను.

లైబ్రరీ మెట్ల మీద పొద్దున నుంచి కూర్చున్నాను. చెప్పులేసుకుని సంచి పట్టుకుని ఏ ఆడమనిషి వచ్చినా లేచి నిలబడేదాన్ని. నర్సమ్మను అడిగాను, పోస్టాఫీసు ఆయన భార్యను అడిగాను, ఇద్దరూ కాదన్నారు. మధ్యాహ్నానికి నా పక్కన ఒకామె వచ్చి కూర్చుంది. కాళ్ళ నిండా మట్టి, చీర కొంగుకు మేకల వాసన. సంతలో రెండు మేకపోతులను అమ్మి, లైబ్రరీ తలుపు తెరిచేదాకా ఎండకు ఓరగా కూర్చున్నట్టుంది. నేను ఆమె వైపు చూడను కూడా లేదు.

“ఏం పాపా, పొద్దన్నుంచి వాకిలి కాస్తా ఉండావంట. లోపల పెండ్లేమన్నా జరుగుతాందా?” అంది.

రాచర్ల నుంచి వచ్చే పాఠకురాలి కోసం చూస్తున్నానని చెప్పాను.

“ఆమెతో నీకేం పని?”

“ఆమె చాలా చదువుకున్నామె. ఆమెను ఒక సంగతి అడగాల.”

“సదువుకున్నామె అని ఎవురు సెప్పినారు? అక్షరాలు పడిపోతాంటాయి గదా ఆమెవి, తాగినోని మాదిరి.”

ఆమె అక్షరాలను అంత మాట అనేసరికి నాకు మండిపోయింది. అక్షరాలు ఎట్లుంటే ఏం, ఆమె రాసినట్టు ఎవరూ రాయలేరని గట్టిగా అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత ఒళ్ళోని గుడ్డమూట విప్పి అందులోంచి లైబ్రరీ పుస్తకం తీసింది. నేను వెతుకుతున్నది ఆమెనేనని తెలిసి సిగ్గుతో తల దించుకున్నాను. ఆమె బిడ్డను బళ్ళో వేసినప్పుడు, ఆ బిడ్డ పలక మీదే ముప్పై ఏళ్ళ వయసులో అక్షరాలు నేర్చుకుందట. మేకల వెంట పోయేటప్పుడు పుస్తకం మూటలో ఉంటుందట.

నేను అంతా చెప్పాను. నాయన సంగతి, దుమ్ము సంగతి, రోజూ నేను ఊరూరూ దాటిస్తున్న పెట్టె సంగతి. దుమ్ము అనగానే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

“దుమ్ము యాడికి పోతుందని రాసిన విన్నోడు మీ నాయనా? ఆ మాట సదివి నేను ఆ పుస్తకం మళ్ళా మొదటి నుంచి సదివినా, తెల్సా?”

అయితే ముగింపు చెప్పక్కా అని బతిమాలాను. చెప్పనంది. లైబ్రరీ నియమం కదా అనుకుని ఏడుపు మొదలుపెట్టాను. ఆమె కొంగుతో నా ముఖం తుడిచి, “నియమానికి కాదమ్మే. నీకు సెప్తే నువ్వు దారిలో దాన్ని మార్సేస్తావు. నీ మొగంలోనే కనపడతాంది. సదివింది నేను, నేనే వచ్చి సెప్తా” అంది. సంతలో ఉన్న తోడికోడలికి కేక వేసి ఇంటి సంగతి చూసుకోమని చెప్పి, నాతో బస్సెక్కింది.

దారి పొడుగునా నేను అడుగుతూనే ఉన్నాను. వాళ్ళు చచ్చిపోయి ఉంటే మాత్రం మా నాయనకు చెప్పొద్దక్కా, బతికారని చెప్పు అన్నాను. ఆమె కిటికీలోంచి కంభం చెరువు వైపు చూస్తూ, “సదివింది సెప్తా, నాకెట్ల అనిపించిందో అదీ సెప్తా. అంతకుమించి నా దగ్గర ఏం లేదు” అంది. అంత కఠినంగా మాట్లాడే మనిషిని ఎందుకు తీసుకుపోతున్నానా అని దారిలోనే నాకు భయం పట్టుకుంది.

మేం ఇల్లు చేరేసరికి ఇంకా పొద్దుంది. అమ్మ నన్ను కొట్టడానికి చెయ్యెత్తి, వెనక కొత్తమనిషిని చూసి దించింది. నాయన బొంతకు ఆనుకుని కూర్చున్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. వచ్చింది ఎవరో నేను చెప్పగానే రెండు చేతులూ మంచం పట్టె మీద ఆనించి నిటారుగా అయ్యాడు. ఎప్పుడూ పేరు లేకుండా కాగితాల మీద మాట్లాడుకున్న ఇద్దరు మనుషులు ఒకరినొకరు చూసుకోవడం నేను అట్లా మొదటిసారి చూశాను. రాచర్ల అక్క మంచం పక్కన నేల మీదే కూర్చుంది.

“బతికినారా సెల్లే?” అన్నాడు నాయన. ఇంకేమీ అడగలేదు.

“బతికినారన్నా. నలుగురూ.”

నా గుండె పొంగిపోయింది. అమ్మ పొయ్యి వదిలి వచ్చి గడపలో నిలబడింది. “చూడు మరి. నేను సెప్తానే ఉండా కదా, తగ్గిపోతాదని” అని కళ్ళు తుడుచుకుంది. నేను నాయన ముఖంలోకి చూశాను, వెలుగు వస్తుందని. రాలేదు. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. రాయిలో పొర ఎటుందో వెతికేటప్పుడు అట్లాగే చూసేవాడు.

“గాలి యాడిది?”

అక్క తల తిప్పి నా వైపు చూసింది. అప్పుడు నేను ఆమె వైపు ఎంత దీనంగా చూశానో నాకే తెలుసు. ఏదో ఒకటి చెప్పు, గొట్టం దొరికిందని చెప్పు, యంత్రం వచ్చిందని చెప్పు అని కళ్ళతోనే అడిగాను.

“రాయలేదన్నా. ఎనిమిదో దినం పొద్దన్నే రాయి దానంతట అదే పక్కకు పోతాది. అందరూ బయటికొస్తారు. పెద్దాయనకు దగ్గు కూడా పోతాది. ఆ యెనక ఇరవై పేజీలు విందుబోజనం.”

“దగ్గు కూడానా?”

“దగ్గు కూడా.”

నాయన నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగి చాలాసేపు ఆగలేదు. అమ్మ వీపు నిమిరింది, నేను నీళ్ళు పట్టుకుని నిలబడ్డాను. దగ్గు నిలిచాక అక్క చెప్పింది, రెండో భాగం వెనక తాను రాసిన మాట. ‘మొదటి భాగం రాసిన మనిషి ఇది ధైర్యంగా రాయలేదు, భయపడి రాశాడు. చదివినవాళ్ళను పిల్లల్ని చేశాడు. నాకు మోసపోయినట్టుంది.’

నేను ఇక పట్టుకోలేకపోయాను. ఎందుకొచ్చినావు మా ఇంటికి, బతికినారని చెప్పి ఊరుకుంటే నీ సొమ్మేం పోతుందని అరిచాను. అమ్మ కూడా ఆమెను కోపంగానే చూసింది. వచ్చిన ప్రతి మనిషీ ఇంత ధైర్యం చెప్పి పోయాడు, ఈమె ఒక్కతే ఉన్న ధైర్యం తీసిందని మా ఇద్దరికీ అనిపించింది. అక్క నాయన వైపే తిరిగి అడిగింది.

“నీకెట్ల అనిపిస్తాందన్నా?”

పుస్తకం గురించే అడిగిందేమో. నాకిప్పటికీ సరిగ్గా తెలియదు. కానీ ఆ ఏడాదంతా మా ఇంటికి వచ్చినవాళ్ళలో నాయనను ఆ ప్రశ్న అడిగిన మనిషి మరొకరు లేరు. అందరూ ఆయనకు ఎట్లా ఉండబోతుందో చెప్పినవాళ్ళే. అడిగాక ఆమె కదలకుండా కూర్చుంది. అమ్మ ఏదో అనబోతే చెయ్యి ఎత్తి ఆపింది. నాయన పైకప్పు వైపు చూశాడు, తన చేతుల వైపు చూశాడు. చెప్పడం మొదలుపెట్టడానికి ఎంతసేపు పట్టిందంటే, బయట ఆవులు ఇళ్ళకు మళ్ళిన చప్పుడు వినిపించింది.

“నాకు గాలి రాదు సెల్లే. నాకు తెల్సు. వీళ్ళు ఏడుస్తారని ఊరుకున్నా.” ఒక ఊపిరి. “రాతిరి అందరూ నిద్రపోతే భయమయితాది. ఎవురికి సెప్పాల?”

అమ్మ గడపలోనే కూలబడిపోయింది. నాకు తెలిసి ఆమె నాయన ఎదుట ఏడవడం అదే మొదలు. ఏడవనీ అన్నట్టు నాయన కళ్ళతోనే సైగ చేశాడు. ఆ తర్వాత అక్కతో ఆ నవల గురించే మాట్లాడాడు. ఇద్దరూ కలిసి దాని తప్పులన్నీ ఏరారు. ఒక మాటకు ఒక ఊపిరి చొప్పున, దీపం పెట్టేవేళ దాకా. రెండో భాగం తాను రాస్తే ఎట్లా రాసేవాడో చెప్పాడు. పెద్దాయన బతకడు. ఐదో దినానికే పోతాడు. పోయేముందు రాయి ఏ పక్క మెత్తగా ఉందో, పొర ఎటు తిరిగి ఉందో కుర్రవాళ్ళకు చేత్తో తడిమించి చూపి పోతాడు. వాళ్ళు ఆ పక్కే తవ్వుతారు. బయటపడతారో లేదో రాయనన్నాడు.

“అది బాగుండాదన్నా” అంది అక్క. “అది నేను అందరికీ సదవమని రాస్తా.”

అప్పుడే నాయన అమ్మను పిలిచాడు. నన్ను షెడ్డుకు పంపొద్దన్నాడు. నాలుగు నెలలకే కదా అని అమ్మ ఏడుస్తూనే అంది. “నాలుగు నెలలు కాదు. నేను లెయ్యను. నేను లెయ్యకపోతే పాప ఆ షెడ్డులోనే ఉండిపోతాది, దుమ్ములో” అన్నాడు. లేచాక దున్నుకుందామని ఉంచుకున్న చేను అమ్మేయమన్నాడు. ఆ డబ్బుతో రెండు బర్రెలు కొనమన్నాడు, పాలు పొయ్యమన్నాడు. అన్నీ ముందే ఆలోచించి పెట్టుకున్నట్టున్నాడు. చెప్పడానికి చోటు లేక మాతో పాటు తానూ తల ఊపుతూ కూర్చున్నాడన్నమాట.

నేను మంచం కింద ముడుచుకుని కూర్చుని విన్నాను. పెట్టె బయల్దేరలేదు నాయనా అని ఆ రోజే ఒప్పుకున్నాను. నా తల మీద చెయ్యి వేసి, “తెల్సు పాపా. నంద్యాల నుంచి గిద్దలూరుకు ఎవురన్నా నడిసొచ్చినా అన్ని దినాలు పట్టవు” అన్నాడు.

ఆయన ఉగాది చూడలేదు. చివరి వారాలు నేను రాసుకోదలచుకోలేదు. గాలి కోసం మనిషి పడే బాధ ఏ నవలలోనూ సరిగ్గా చదవలేదని మాత్రం చెప్పగలను. కానీ ఆ వారాల్లో ఇంట్లో ఎవరూ ఎవరికీ అబద్ధం చెప్పుకోలేదు. భయమేసినప్పుడు నాయన భయమేస్తోందని చెప్పేవాడు, అమ్మ లేచి కూర్చునేది. రాచర్ల అక్క ఇంకో రెండుసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా ఒక పుస్తకం గురించి మాట్లాడేవాళ్ళు. అమ్మ ఆమెను వదినా అని పిలవడం నేర్చుకుంది. చేను అమ్మింది, బర్రెలను కొంది, నేను బళ్ళోనే ఉన్నాను. రెండో భాగం మాత్రం మా ఊరికి ఎప్పటికీ రాలేదు. పెద్దయ్యాక వెతికితే దొరికేదేమో, నేను వెతకలేదు.

అప్పటి నుంచి ఎన్ని సైన్సు నవలలు చదివానో నాకే తెలియదు. ఏది చదవమంటారని ఇప్పటికీ మా వీధి పిల్లలు అడుగుతారు. బాగున్నవి బాగున్నాయని చెబుతాను. భయపడి ముగించినవి భయపడి ముగించినవని చెబుతాను. ఊరడించడానికి ఏ పుస్తకాన్నీ మెచ్చుకోలేదు. అదొక్కటే నేర్చుకుని ఉంటే ఇంత రాయాల్సిన పని లేదు.

పోయిన ఏడాది మా ఆయన పెద్దాసుపత్రి కాగితాలు సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చారు. ఆ పూటంతా చుట్టాలు ఫోన్లు చేశారు. ఈ రోజుల్లో దానికి మందులున్నాయి, తగ్గిపోతుంది అన్నారు. ఆయన ప్రతి ఒక్కరికీ సరే సరే అంటూ తల ఊపారు. నా నాలుక చివర దాకా కూడా అదే మాట వచ్చింది. ఇంత చదివినదాన్ని, ఆ మాట అనకుండా ఉండటానికి పళ్ళు బిగబట్టాల్సి వచ్చింది. ఫోను పక్కన పెట్టి, ఆయన మంచం పక్కన నేల మీద కూర్చుని, మీకెట్లా అనిపిస్తోందని అడిగాను.

ఆయన సంచిలోని కాగితాలు బయటికి తీసి, మళ్ళీ లోపల పెట్టారు. నేను లేవలేదు.